ఎంగిలి మీసం

మీసాలక్క అన్న పిలుపు వినగానే కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ముందు ఆమె పైపెదవి వంక చూస్తారు. అక్కడేమీ కనిపించక తడబడి కళ్లు దించుకుంటారు. తరవాత ఎవరినో పక్కకు పిలిచి గుసగుసగా అడుగుతారు. "మీసాలు ఆవిడవి కావు, పిల్లివి" అని చెప్పడం ఆ పరిశోధనశాలలో పాతవాళ్లందరికీ సరదా.

పిల్లి మీసాలు నిజంగానే ఉండేవి ఆమె దగ్గర. పక్కింటి ముసలావిడకి ఒక బూడిదరంగు పిల్లి ఉంది. అది సోఫా మీదా గుమ్మం పక్కనా రాల్చుకున్న మీసాలను ఆవిడే ఏరి, కాగితంలో మడిచి, గోడ మీంచి అందించేది.

"దీనికి కూడా జీతం ఇస్తారా తల్లీ?"

"ఇస్తారు పిన్నిగారూ, పిల్లికి తప్ప."

మీసాలక్క పని ఏమిటో చెప్పాలంటే ముందు ప్రోటీన్ల సంగతి చెప్పాలి. మన ఒంట్లో జరిగే ప్రతి పనికీ ఒక ప్రోటీన్ కాపలా ఉంటుంది. దాని రూపం తెలిస్తే దానికి సరిపడే మందు తయారుచేయవచ్చు. కానీ అది ఎంత చిన్నదంటే ఒక్కదాన్నే పట్టుకుని చూడలేం. లెక్కకందనన్ని ప్రోటీన్లను ఒక నీటిచుక్కలో, బడిపిల్లల్ని ప్రార్థనకు నిలబెట్టినట్టు, వరసలు తీర్చి నిలబెట్టాలి. అలా నిలబడితే అది స్ఫటికం. స్ఫటికం గుండా ఎక్స్‌రే పంపితే, చెదిరిపడిన చుక్కల్ని బట్టి రూపం కట్టుకోవచ్చు. నిలబడమంటే నిలబడతాయా మరి? ఉప్పు ఓ పిసరు ఎక్కువైతే ముద్దకట్టి కూర్చుంటాయి. తక్కువైతే నీళ్లలో ఆవారాగా తిరుగుతాయి. వాటిని బుజ్జగించి వరసలో పెట్టడం ఆమె ఉద్యోగం.

మీసం అందుకే. ఏదో ఒక చుక్కలో ముందుగా నాసిరకం స్ఫటికాలు పుడతాయి, చిన్నవి, వంకరవి. వాటిమీద మీసం కొసతో ఒక్కసారి నిమిరి, అదే మీసాన్ని కొత్త చుక్కలోంచి ఒకే గీతగా లాగాలి. మీసాన్ని అంటుకుని వచ్చిన కనబడని నలుసులే విత్తనాలు. ఒకటి రెండు రోజుల్లో ఆ గీత వెంబడే స్ఫటికాలు లేస్తాయి, నాగటిచాలు వెంట మొలకలు లేచినట్టు. గీత వేగంగా లాగితే విత్తనం పడదు. నెమ్మదిగా లాగితే మరీ ఎక్కువ పడి, ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న వేగం ఆమె మణికట్టుకి తెలుసు. ఆమెకి తెలియదు. అడిగినా చెప్పలేకపోయేది.

ఆ పని జరిగేది చల్లగదిలో. కిటికీ లేని గది. తలుపు వెనక నల్లటి తెర. ఎండాకాలంలోనూ స్వెట్టరు వేసుకుని, ఎత్తు స్టూలు మీద, సూక్ష్మదర్శిని ముందు వంగి కూర్చునేది. గాజు మూతలకు పూసే గ్రీజు వాసన, ఎక్కడో గోడలో మోటారు మూలుగు. సూక్ష్మదర్శినిలోంచి చూస్తే చుక్క ఒక ఆకాశం. అందులో ఏమీ లేని రోజులే ఎక్కువ. ఉన్న రోజున మాత్రం, చీకట్లో ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టుండేది.

"ఆవిడ హస్తవాసి" అనేవాళ్లు అందరూ. ఆమె వినీ విననట్టు ఉండేది. ఎవరూ లేనప్పుడు తన కుడిచేతిని, ఎరువు తెచ్చుకున్న వస్తువును చూసినట్టు, కాస్త భయంగా చూసుకునేది.

ఆ గదిలో ఆమె పెట్టిన కట్టడి ఒక్కటే. ఒక మీసం ఒక ప్రోటీన్‌కే. ఒకదాన్ని తాకిన మీసం ఇంకోదాని చుక్కలో దిగకూడదు. "ఒకరు తాగిన గ్లాసుతో ఇంకొకరికి నీళ్లిస్తామా? ఎంగిలి మీసం నా గదిలో పనికిరాదు" అనేది. పెద్ద పెద్ద డిగ్రీల వాళ్లు కూడా గుమ్మం దగ్గరే ఆ మాట విని నవ్వి, తలూపి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చేవాళ్లు.

ఇన్నేళ్లలో ఆమెకు లొంగని ప్రోటీన్ ఒక్కటే. మూత్రపిండంలో ఉప్పును అటూ ఇటూ మోసేది. అందరూ దాన్ని మొండిది అనేవాళ్లు. దానికి నాసిరకం స్ఫటికం కూడా పుట్టలేదు. విత్తనమే లేనప్పుడు మీసం ఏం చేస్తుంది? ఉప్పు మార్చింది, చల్లదనం మార్చింది, చుక్క పరిమాణం మార్చింది. ప్రతిసారీ అదే ఖాళీ ఆకాశం.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు విప్పుకుంటూ అడిగేవాడు.

"ఏంటి, మీ మొండిపిల్ల ఇవాళైనా నోరు విప్పిందా?"

"లేదు."

"అచ్చం మీ చెల్లెలు. బతిమాలేకొద్దీ బిగుసుకుంటుంది. ఓ నాలుగు రోజులు పట్టించుకోకు, అదే వస్తుంది."

"మా చెల్లెలు వచ్చిందా?"

"రాలేదులే. అందుకే హాయిగా ఉన్నాం."

ఇలా సాగుతుండగా ఏఐ వచ్చింది. ఒక్కరోజున రాలేదు. ముందు కథల్లో వచ్చింది, తరవాత ఉపన్యాసాల్లో, ఆ తరవాత పక్కగదిలోకి. ప్రోటీన్ రూపాన్ని స్ఫటికం లేకుండానే ఊహించి గీస్తుందన్నారు. గీసింది. చాలావరకు సరిగానే గీసింది. ఎక్స్‌రే చుక్కల్ని చదివి రూపాలు కట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు ఏఐ కట్టినవాటి పక్కన టిక్కు పెట్టడం ఆయన పని. "ఇదివరకు వంటవాణ్ని, ఇప్పుడు ఉప్పు చూసేవాణ్ని" అని నవ్వుతూ చెప్పి, ఆ ఏడాది తిరక్కుండానే ముందస్తు పదవీ విరమణ తీసుకున్నాడు.

ఆ తరవాత వచ్చిన ఏఐ ఊహించడంతో ఆగలేదు. లోకంలో ఎన్నడూ లేని ప్రోటీన్లను సొంతంగా అల్లడం మొదలుపెట్టింది. దాన్ని నడపడానికి ఒక అమ్మాయి చేరింది. అందరూ కంప్యూటరు పిల్ల అనేవాళ్లు. చేరిన రోజునే చల్లగదిలోకి తొంగిచూసి, "అక్కా, మీ మీసాలు చూపిస్తారా?" అని అడిగింది. ఆమె పైపెదవి వంక చూడలేదు. అందుకే మీసాలక్కకు నచ్చింది.

పెద్దసారు, అంటే ఆ విభాగం అధిపతి, ఒక ఉదయం మీసాలక్కను పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డకబురు చెప్పేముందు కుర్చీ జరిపి, కూర్చోమనే రకం.

"చూడమ్మా మీసాలూ, చల్లగది ఖాళీ చేసి రోబో పెడదామంటున్నారు పైవాళ్లు. చుక్కలు అదే పెడుతుంది, అదే చూస్తుంది."

"మరి నేను?"

"స్టోర్సులో ఒక ఖాళీ ఉంది. కానీ నాకు మొండిదాని సంగతి తేలాలి. ఏఐ బొమ్మ గీసిచ్చింది, సరే. మందు దానిలో ఎక్కడ కూర్చుంటుందో మాత్రం తేల్చలేకపోతోంది. స్ఫటికం కావాల్సిందే. ఏడాది చివరిలోగా మొండిది నీకు పలికితే గది నీదే. పైవాళ్లతో నేను మాట్లాడతా."

స్టోర్సు అంటే నేలమాళిగలో ఇనప అరలు, అట్టపెట్టెలు, సంతకాలు. ఆమె ఆ గదిని తలుచుకోలేదు. తన స్టూలును తలుచుకుంది. ఆ స్టూలు ఎత్తు ఎవరైనా మార్చేస్తారేమో అని, ఆ ఒక్క విషయం మీద ఎందుకో ఏడుపొచ్చింది.

నెలలు గడిచాయి. మొండిది పలకలేదు.

ఒక పొద్దున కంప్యూటరు పిల్ల చల్లగదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఒక్కసారి చూడవూ? నీకు చూపించకుండా ఎవరికీ చూపించకూడదనుకున్నా."

ప్లేటు సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మీసాలక్క వంగి చూసింది. చుక్క నిండా స్ఫటికాలు. ఎవరో కూర్చుని చెక్కినట్టు అంచులు. వెలుతురు వాటి మీద పడి జారలేక నిలిచిపోయింది.

"ఎవరివి?"

"మొండిదే అక్కా. అంటే, దాని కవలపిల్ల. పైతోలు మార్చి రాయమన్నాను ఏఐని. లోపలంతా అదే. బయట మాత్రం బుద్ధిమంతురాలు."

"ఎన్నాళ్లు పట్టింది?"

"నిన్న సాయంత్రం పెట్టా." పిల్ల తల దించుకుంది. "నేను కూడా కాదు. కింది గదిలో పరీక్షకు తెచ్చిన రోబో పెట్టింది."

"బాగున్నాయి" అంది మీసాలక్క. పక్కింటి పిల్లకు ఫస్టు క్లాసు వచ్చిందంటే అనే 'బాగుంది' అది.

ఆ రోజంతా ఆమెను ఒక విషయం వదల్లేదు. ఆ యంత్రం తనతో పోటీకి దిగి గెలవలేదు. కష్టాన్ని తనకన్నా బాగా చేసి చూపించలేదు. కష్టమే అక్కర్లేని ప్రోటీన్లను పుట్టించింది, అంతే. ఇన్నేళ్లూ తాను బతిమాలింది, బుజ్జగించింది, అలిగింది ఎవరితో? అవి మొండిగా ఉన్నంతకాలమే తన చేయి చేయి. అన్నీ బుద్ధిమంతులైన లోకంలో తల్లి ఓర్పుకి విలువేముంటుంది?

పెద్దసారుకు ఆ కవలపిల్ల నచ్చింది గానీ సరిపోలేదు. "వేషం వేసినదానికి మందు చేస్తే, అసలుదానికి పడుతుందని ఎవరు హామీ? నాకు అసలుదే కావాలి" అన్నాడు. అప్పుడే కంప్యూటరు పిల్ల మెల్లగా అడిగింది.

"సార్, దీని విత్తనం దానికి వేసి చూస్తే? లోపలి అమరిక ఒకటే కదా. అక్క మీసంతో..."

"ఎంగిలి మీసం నా గదిలో పెట్టను" అంది మీసాలక్క. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అది పలికితే నా చేతికే పలుకుతుంది. లేకపోతే లేదు."

"ఆవిడ పద్ధతి ఆవిడది, వదిలెయ్" అన్నాడు పెద్దసారు. పిల్ల మొహం ఎర్రబడింది.

ఏడాది చివరికొచ్చింది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. చల్లగదిలో ఆమె ఒక్కతే. పై అరలో పిల్ల తెచ్చి ఉంచిన కవలపిల్ల ప్లేటు, కింది అరలో మొండిదాని ప్లేటు. రెంటికీ మధ్య జానెడు దూరం. ఆమె తలుపు గడియ పెట్టలేదు. పెడితే తప్పు చేస్తున్నట్టవుతుందని. పై ప్లేటు తీసింది, మూత లేపింది, మీసంతో నిమిరింది. కింది ప్లేటు తీసింది, గీత లాగింది. మూతలు మూసి, గ్రీజు అద్ది, ఎక్కడివక్కడ పెట్టేసింది. చెయ్యి వణకలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఒక్కసారైనా వణకాల్సింది.

రెండో రోజున గీత వెంట మొండిది లేచి నిలబడింది.

పెద్దసారు చల్లగదిలోకి వచ్చి, సూక్ష్మదర్శినిలో చూసి, చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, "హస్తవాసి!" అన్నాడు. "ఇది హస్తవాసి కాకపోతే ఇంకేమిటి!" ఎవరో మిఠాయి తెచ్చారు. ఎవరో ఫొటో తీశారు. కంప్యూటరు పిల్ల కూడా చప్పట్లు కొట్టింది, అందరికన్నా ముందే ఆపేసింది. ఆ మిఠాయి మీసాలక్క నోట్లో కరగలేదు. చేతిరుమాల్లోకి ఉమ్మి స్వెట్టరు జేబులో పెట్టుకుంది.

"మొండిపిల్ల పలికిందటగా!" అన్నాడు భర్త ఆ సాయంత్రం. "మరి పెళ్లి చేసి పంపినట్టు ఆ మొహమేంటి?"

"తలనొప్పి."

"గది మిగిలిందిగా?"

"మిగిలింది."

కొన్ని వారాలకు ఎక్స్‌రే ఫలితాలు వచ్చాయి. మందు ఎక్కడ కూర్చుంటుందో తేలింది. పరిశోధనపత్రం రాయాలి. కంప్యూటరు పిల్ల ల్యాప్‌టాప్ పట్టుకుని చల్లగదికి వచ్చింది.

"చిత్తు ఏఐ రాసింది అక్కా. స్ఫటికాలు ఎలా వచ్చాయన్న భాగం నీది. నువ్వు చదివి సరే అంటే పంపేస్తాం."

మీసాలక్క చదివింది. చక్కటి వాక్యాలు. ఎక్కడా తడుముకోలేదు. మొండిదాని చుక్కల్లోనే మొదట చిన్న స్ఫటికాలు పుట్టాయనీ, వాటినే విత్తనాలుగా తీసుకుని, సహజమైన పోగుతో, అంటే మీసంతో, ఓపికగా మళ్లీమళ్లీ నాటగా పెద్దవి వచ్చాయనీ రాసి ఉంది. 

"ఇది నేను చెప్పలేదే."

"ఎవరూ చెప్పలేదు అక్కా. మామూలుగా అలాగే జరుగుతుంది కాబట్టి అలాగే జరిగిందని రాసేసింది." ల్యాప్‌టాప్ మీంచి కళ్లెత్తింది. "అలాగే జరిగిందా?"

మోటారు మూలుగు ఆగి, మళ్లీ మొదలైంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. పై అర ప్లేటు మూత మీద గ్రీజులో వేలిముద్ర ఉంది. రోబో వేలితో అద్దదు కదక్కా."

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పను? నాదీ అంతేగా. పోయిన ఏడాది దాకా ప్రోగ్రాము నేనే రాసేదాన్ని. ఇప్పుడు అది రాస్తుంది, నేను చదివి బాగుంది అంటాను. నా జీతం ఆ బాగుందికే. ఎన్నాళ్లు అంటానో." పిల్ల ల్యాప్‌టాప్ ఆమె వైపు జరిపింది. "సరే అనెయ్యి అక్కా. నేను నోరెత్తను."

మీసాలక్క వేలు మీట మీదికి వెళ్లింది. అప్పుడు ఆమెకు ఎక్కడో ఒక గది కనిపించింది. కిటికీ లేని గది, ఎత్తు స్టూలు, స్వెట్టరు. తనలాంటిదే ఒకామె ఈ వాక్యాలు చదివి, ఇలాగే చేద్దామని మొండిదాన్ని ముందేసుకుని కూర్చుంది. చిన్న స్ఫటికాలు పుడతాయని ఎదురు చూస్తోంది. అవి పుట్టవు. ఎన్నటికీ పుట్టవు. ఆమె ఉప్పు మారుస్తుంది, చల్లదనం మారుస్తుంది, చివరికి తన చేతుల వంక చూసుకుని, హస్తవాసి లేదనుకుంటుంది. ఈ అబద్ధం ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చేతుల మీద పడుతుంది.

లేచి పెద్దసారు గదికి నడిచింది. కూర్చోమనకముందే చెప్పేసింది. నిలబడే చెప్పింది. "ఎంగిలి మీసం వాడాను సార్. దాని విత్తనం దీనికి వేశాను. అందరిముందూ వద్దని, దొంగచాటుగా వేశాను."

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మొహం మెల్లగా విప్పారింది.

"అయితే నీ చెయ్యి కాదన్నమాట!"

ఆమె బల్ల మీది కళ్లజోడు వంక చూస్తూ నిలబడింది.

"అమ్మయ్య! బతికించావు తల్లీ. నీ హస్తవాసేమో అని ఇన్ని వారాలుగా బెంగపెట్టుకుని కూర్చున్నా. రేపు నువ్వు మెట్ల మీద జారిపడితే నా ప్రాజెక్టు గతేమిటని! విత్తనమే అయితే ఇంకేం, ప్రతి మొండిదానికీ ఏఐ చేత ఒక కవలపిల్లను అల్లిద్దాం, దాని విత్తనం వేద్దాం. ఇంత మంచిమాట దాచుకుంటారా ఎవరైనా?"

"సార్, నేను తప్పు..."

"తప్పేంటమ్మా! ఇది ఈ పత్రంలో అసలు విశేషం. రచయితల వరసలో నీ పేరు కూడా ముందుకు జరుపుతాను." లేచి ఆమె భుజం తట్టాడు. "గది నీదే అన్నాను, నీదే. రోబోని ఆ గదిలోనే పెట్టిద్దాం. చుక్కలు పెట్టడం దానికి వచ్చు. ఆ గీత లాగడం ఒక్కటే రాదు. అది నువ్వు నేర్పెయ్."

ఆ సాయంత్రం భర్త అన్నం తింటూ అంతా విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు. "మా బస్సులోంచి కండక్టర్ని తీసేసి మిషన్ పెట్టినప్పుడు నేనూ సంబరపడ్డా తెలుసా? రోజూ వాడితో పోట్లాట తప్పిందని. ఇప్పుడు డ్రైవరు లేని బస్సుల గురించి పేపర్లో వస్తే, ఆ పేజీ తిప్పేస్తున్నా." ఈసారి అతని మాటలో హాస్యం లేదు. ఆమె లేచి కంచాలు తీసింది.

రోబోకు నేర్పడానికి వీడియో తీసే రోజున మీసాలక్క తలస్నానం చేసి, బీరువాలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది. స్వెట్టరు వేసుకోలేదు, చలికి ఓర్చుకుంది. స్టూలు పక్కకు జరిపి, దాని చోట మూడుకాళ్ల కెమెరా నిలబెట్టారు. రోబో కంపెనీ నుంచి వచ్చినతను లైటు సరిచేస్తూ కెమెరాను కిందికి, ఇంకా కిందికి వంచాడు.

"మొహం రాదా బాబూ?"

"చెయ్యి చాలమ్మా."

ఆమె గీత లాగింది.

"మళ్లీ ఒకసారి, కాస్త నెమ్మదిగా."

లాగింది.

"ఇంకొంచెం నెమ్మదిగా. వేగం దానికి అందాలి."

నెమ్మదిగా లాగబోతే మణికట్టు ఎక్కడ మొదలుపెట్టాలో మరిచిపోయింది. మీసం చుక్కలో సగం దాకా వెళ్లి, ఒరిగి, వంకరపోయింది. ఇన్నేళ్లలో అలా వంకరపోవడం అదే మొదలు. కంప్యూటరు పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది. మీసాలక్క చేయి వెనక్కి తీసుకుని, చెంగుతో తుడుచుకుంది.

"ఇది పాడైంది. తీసెయ్యండి. సరిగ్గా చేసి చూపిస్తా."

"పర్లేదమ్మా, తియ్యక్కర్లేదు" అన్నాడతను, కెమెరాలోంచి తల ఎత్తకుండానే. "తప్పుగా చేసినవి కూడా దానికి కావాలి."